పినోకియో టోపీ బ్రెడ్డుతోనే చేశారు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో ఫ్యాన్ ఆర్ట్ మీద, అంటే నచ్చిన కథల పాత్రల్ని ఇష్టంతో మళ్లీ వేయడం మీద, వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆలిస్, పినోకియో, పీటర్ పాన్ లాంటి పాత కథల పాత్రల్ని వేసుకుంటూ కూర్చుంటే పిల్లలకి సొంత ఆలోచన రాదనీ, అది ఒకరి బొమ్మని ఇంకొకరు దించడమేననీ, దాని బదులు ఎదురుగా ఉన్న చెట్టునో కుర్చీనో చూసి వేయించాలనీ రాశారు. చెట్టూ కుర్చీ చూసి వేయడం మంచిదే, నేనూ వేయిస్తాను. మిగతా మాటలతోనే నాకు పేచీ. పదిహేనేళ్లుగా సెలవు రోజుల్లో ఇంట్లో పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు కూర్చుంటారో, ఎక్కడ విసుగొచ్చి పెన్సిల్ పక్కన పడేస్తారో దగ్గర్నుంచి చూస్తున్నదాన్ని, అందుకే ఉత్తరం పొడుగైనా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మా మేనకోడలికి పదేళ్లు. పోయిన ఏడాది ఒక బొమ్మల పోటీకి వెళ్లింది, 'మీకు నచ్చిన కథలో ఒక పాత్ర' అన్నది అంశం. అప్పటికి అది పినోకియో కథ మొత్తం చదివి వారమే అయింది, సినిమా చూడలేదు. కొయ్యబొమ్మ పిల్లాడికి పూల కాగితంతో చేసిన బట్టలు, చెట్టు బెరడుతో చేసిన బూట్లు, బ్రెడ్డు లోపలి మెత్తటి భాగంతో చేసిన టోపీ వేసింది. కథలో అలాగే ఉంది, అక్షరం తేడా లేదు. పోటీకి ముందు ఇంట్లో ప్రాక్టీస్ చేస్తూ "అత్తా, ఇది బ్రెడ్డు టోపీ అని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. తెల్లగా గుండ్రంగా వేస్తే దూది అనుకుంటారు, గోధుమ రంగు వేస్తే మామూలు గుడ్డ టోపీ అనుకుంటారు. ఒక బ్రెడ్డు ముక్క తెచ్చుకుని, తుంచి, కొంచెం నలిపి, కిటికీ దగ్గర పెట్టుకుని నీడలు ఎక్కడ పడుతున్నాయో చూసింది. లోపల చిన్న చిన్న గుంటలు, అంచు దగ్గర రాలే పొడి. ఆ గుంటలు వేయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి దానికే ఐడియా వచ్చింది, టోపీ మీద పిచ్చుక వాలి ముక్కుతో పొడుస్తున్నట్టు వేసి, భుజం మీద పొడి రాలినట్టు చుక్కలు పెట్టింది. కాగితం చొక్కాకి మోచేతి దగ్గర గట్టిగా మడత పడిన గీత ఒకటి, చంక కింద చిన్న చిరుగు ఒకటి. "గుడ్డ అయితే ఇలా చిరగదు, కాగితం కదా" అంది.

పోటీలో బొమ్మలు చూడటానికి వచ్చిన పెద్దాయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని "ఇది పినోకియో కాదమ్మా, పినోకియోకి పసుపు టోపీ ఉంటుంది, దానికి ఎర్ర ఈక, చేతులకి తెల్ల గ్లవ్స్, నువ్వు సరిగ్గా చూడలేదు" అన్నారు. ఆ పసుపు టోపీ 1940లో వచ్చిన కార్టూన్ సినిమాలోది. కార్లో కొలోడి ఆ కథని 1881లో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టి 1883లో పుస్తకంగా తెచ్చాడు, అంటే సినిమాకి అరవై ఏళ్ల ముందు మాట. ప్రైజు సంగతి మా పిల్లకి మర్నాటికే గుర్తు లేదు. 'సరిగ్గా చూడలేదు' అన్న మాట మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు అంటుంది. ఆ పోటీ హాల్లో కథని అందరికంటే దగ్గరగా చూసింది అదే అని నా నమ్మకం.

ఆ కాగితం బట్టల గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. ఆ కొయ్యబొమ్మని చెక్కిన జెపెట్టో తాత దగ్గర జేబులో పైసా లేదు, అందుకని కొయ్యపిల్లాడికి కాగితంతో బట్టలు చేశాడు. అద్దం కూడా లేదు కాబట్టి ఆ పిల్లాడు నీళ్ల తొట్టెలో తన నీడ చూసుకుని అచ్చం పెద్దమనిషిలా ఉన్నానని మురిసిపోతాడు. ఆ వెంటనే, బడికి వెళ్లడానికి అక్షరాల పుస్తకం కావాలంటే, ఆ ముసలాయన చలిలో వేసుకునే తన పాత కోటు అమ్మేసి పుస్తకం కొనుక్కొస్తాడు. ఇంత పేదరికం, ఇంత ప్రేమ ఆ పూల కాగితంలో ఉంది. పసుపు టోపీ వేసిన పిల్లల్ని నేను తప్పుపట్టను, వాళ్లకి దొరికిన పినోకియో అదే. కానీ కాగితం చొక్కా వేసిన పిల్ల ఆ చిరుగు దగ్గర ఆగి తాత గురించి ఆలోచించింది. మీ వ్యాసంలో 'సొంత ఆలోచన రాదు' అన్నారే, మరి ఇదేంటి?

కాపీ అనే మాట దగ్గరికి వస్తాను. మీరు చెప్పిన కాపీ ఉంది, నేను కాదనడం లేదు. ఫోన్లో పేరు కొట్టి, మొదట కనిపించిన బొమ్మని స్క్రీన్ మీద కాగితం పెట్టి ట్రేస్ చేసి, స్కెచ్ పెన్నుతో నింపేసి, ఐపోయింది అనడం. అందులో పిల్లలకి దక్కేది తక్కువే. అయితే తప్పు పాత్రది కాదు, పాత్రని మనం ఏ తలుపు లోంచి చూపించామన్నదే అసలు సంగతి. నేనైతే ముందు కథ చదివిస్తాను, లేదా చదివి వినిపిస్తాను, ఫోన్ పక్కన పెట్టేయమంటాను. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: రాసినాయన ఏం చెప్పాడు, ఏం చెప్పకుండా వదిలేశాడు?

ఆలిస్‌నే తీసుకోండి. నీలం గౌను, తెల్ల ఏప్రన్, బంగారు రంగు జుట్టు అని కళ్లు మూసుకుని చెప్పేస్తాం. 1865లో వచ్చిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' పుస్తకం తెరిచి చూస్తే ఆ గౌను రంగు ఎక్కడా లేదు. జుట్టు గురించి ఉన్నదల్లా కాస్తే, తన స్నేహితురాలికిలాగా తనకి ఉంగరాలు తిరగవని ఆలిస్ తనే అనుకుంటుంది, టీ పార్టీలో టోపీలాయన నీ జుట్టు కత్తిరించాలి అంటాడు. అంటే ఉంగరాల జుట్టు కాదు, కాస్త పెరిగి ఉంది. గౌనుకి జేబు ఉంది, ఎందుకంటే అందులోంచి మిఠాయిల డబ్బా, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగు బయటికొస్తాయి. వయసు రెండో పుస్తకంలో తనే చెప్తుంది, సరిగ్గా ఏడున్నర అని. ఇంతే. మిగతాదంతా బొమ్మ వేసేవాళ్ల ఇష్టం! ఈ సంగతి చెప్పగానే పిల్లల మొహాలు చూడాలి మీరు. ఒక పిల్లాడు ఆలిస్‌కి రెండు జడలు వేశాడు, ఇంకో పాప జేబు ఇంత పెద్దగా వేసి అందులోంచి డబ్బా మూత కనబడేలా వేసింది. ఒక్కరి ఆలిస్ ఇంకొకరి ఆలిస్‌లా లేదు, అందరూ కథకి కట్టుబడే ఉన్నారు.

అసలు ఆలిస్ ఎవరిది అని ఎవరైనా గట్టిగా అడిగితే జవాబు చెప్పడం కష్టం. రచయిత లూయిస్ కారల్ మొదట ఆ కథని చేత్తో రాసి, తనే 37 బొమ్మలు వేసి, 1864లో ఒక చిన్నమ్మాయికి కానుకగా ఇచ్చాడు. అచ్చు పుస్తకానికి జాన్ టెనియల్ 42 బొమ్మలు వేశాడు, మనందరి మనసులో ఉన్న ఆలిస్‌కి మూలం అదే. 1890లో చిన్నపిల్లల కోసం టెనియల్ బొమ్మలకి రంగులద్ది ఇంకో పుస్తకం వేస్తే అందులో గౌను పసుపు రంగు. నీలం గౌను ఇంతగా స్థిరపడిపోవడానికి 1951లో వచ్చిన ఆలిస్ కార్టూన్ సినిమా పెద్ద కారణం. 1907లో బ్రిటన్లో పుస్తకం మీద కాపీరైట్ అయిపోగానే ఆర్థర్ రాకమ్ తన ఆలిస్‌ని వేశాడు, తర్వాత 1966లో టోవ్ యాన్సన్ వేసింది, 1969లో సాల్వడార్ డాలీ కూడా వేశాడు. ఇంతమంది మహా చిత్రకారులు ఒకరు వేసిన పాత్రనే మళ్లీ మళ్లీ ఎందుకు వేశారు? ఆ కథంటే ఇష్టం ఉండి, తమకి కనిపించింది వేరేగా ఉండి వేశారని నేననుకుంటాను. ఇప్పుడు దాన్నే పదేళ్ల పిల్ల చేస్తే ఫ్యాన్ ఆర్ట్ అంటున్నాం, అంతే తేడా.

పాత బొమ్మల్ని చూసి అచ్చంగా దించడం కూడా నేను తప్పనను, ఇది చదివి మీ వ్యాసకర్తకి కోపం రావచ్చు. టెనియల్ బొమ్మలు చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చు వేసినవి. చెక్క మీద బూడిద రంగు అనేది ఉండదు, నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, నీడ కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా రావాలి, ఇంకా చిక్కని నీడ కావాలంటే గీతల మీద అడ్డగీతలు రావాలి. ఆలిస్ గౌను మడతల్లో అరచేతంత మేర ఒక పిల్లాడిని చూసి వేయమన్నాను, పెన్సిల్ వేలితో రుద్దకూడదు అన్నది ఒక్కటే షరతు. మొదటి రోజు గీతలన్నీ ఒకే దూరంలో వేసి "కంచెలాగా వచ్చిందండీ" అని తనే మొహం ముడుచుకున్నాడు. నాలుగో రోజుకి మడత లోపలికి వెళ్లేచోట గీత వంగడం మొదలైంది. వంగగానే కాగితం మీద గుడ్డ కనిపించింది. ఆ పిల్లాడు ఇప్పుడు కుర్చీ మీద వేలాడుతున్న తువ్వాలు చూసి అవే గీతలతో వేస్తున్నాడు, అంటే మీరు వేయించమన్న కుర్చీ దగ్గరికే ఆలిస్ మీదుగా వచ్చాడు. చూసి దించడం వాడి చేతికి అంత సాయం చేసింది. సంగీతం నేర్చుకునేవాళ్లు గురువు పాడింది పాడినట్టు పాడటంలేదా?

ఇక సినిమా బొమ్మకీ పుస్తకానికీ తేడా వెతకడం మా పిల్లలకి పెద్ద సరదా. ఓజ్ మాంత్రికుడి కథలో డోరతీ అనే అమ్మాయికి ఎర్రగా మెరిసే బూట్లు వేస్తారు అందరూ, 1900లో వచ్చిన పుస్తకంలో అవి వెండి బూట్లు. 1939 సినిమా రంగుల్లో తీశారు కాబట్టి తెర మీద బాగా కనబడాలని కెంపు రంగు చేశారు. పడమటి మంత్రగత్తె ఆకుపచ్చగా ఉండటం కూడా సినిమాదే, పుస్తకంలో ఆమెకి ఒకే కన్ను, అది టెలిస్కోపులా ఎంత దూరమైనా చూస్తుంది. డోరతీ గౌను మాత్రం పుస్తకంలోనూ నీలం తెలుపు గళ్లదే, అక్కడ సినిమా మాట తప్పలేదు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది పచ్చల నగరం. లోపలికి వెళ్లేవాళ్లందరికీ కాపలాదారు ఆకుపచ్చ కళ్లజోడు పెట్టి తాళం వేస్తాడు, ఊరు పచ్చగా కనిపించేది ఆ అద్దాల వల్లే. ఇది చదివిన ఒక పాప ఊరంతా మామూలు తెల్ల గోడలతో వేసి, మూలన ఒక కళ్లజోడు పెద్దగా వేసి, ఆ అద్దం లోంచి కనిపించే ముక్క మాత్రం ఆకుపచ్చ చేసింది. ఆ బొమ్మ చూసి నాకు నోట మాట రాలేదు. సినిమా చూసి వేసిన పచ్చల కోటలో ఈ ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి.

మౌగ్లీ కథలో కొండచిలువ సంగతీ అంతే. కళ్లు గిర్రున తిప్పి మత్తులో పడేసే దుర్మార్గుడిలా వేస్తారు, 1894లో వచ్చిన 'జంగిల్ బుక్' పుస్తకంలో కోతుల గుంపు ఎత్తుకుపోయిన మౌగ్లీని విడిపించడానికి వచ్చిన నేస్తం అది. 1926లో వచ్చిన విన్నీ ద పూ అనే ఎలుగుబంటి కథల పుస్తకంలో చిత్రకారుడు షెపర్డ్ వేసిన నలుపు తెలుపు బొమ్మల్లో ఆ ఎలుగుబంటికి ఎర్ర చొక్కా లేదు, అది తర్వాత తొడిగారు. ఆ ఎలుగుబంటికి షెపర్డ్ నమూనాగా పెట్టుకున్నది తన కొడుకు ఆడుకునే బొమ్మని, కథలోని పిల్లాడు ఆడుకునే బొమ్మని కాదు. ఇంట్లో తను చూస్తున్న వస్తువుని కథలోకి తీసుకెళ్లాడన్నమాట, మీ కుర్చీ వాదనకి ఇది కూడా జవాబే.

మన భాషలోనూ ఇదే జరిగింది. బుడుగు అనగానే ముళ్లపూడి వెంకటరమణ మాటలతోపాటు బాపు గీత కళ్ల ముందుకొస్తుంది. బేతాళ కథలు ఎంతో పాతవి, కానీ భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు అనగానే చందమామలో శంకర్ వేసిన బొమ్మే గుర్తొస్తుంది. ఆ బొమ్మల మీద ప్రేమ నాకు ఎవరికీ తీసిపోదు. అయినా బేతాళుడి మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి నువ్వే అనుకుని వెయ్యి అని పిల్లలకి చెప్తాను, వాళ్లు భయపడుతూ భయపడుతూ వేస్తారు, ఆ భయం గీతలో కనబడుతుంది కూడా.

పెద్దవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది, ఇలా వేస్తే కాపీరైట్ గొడవ రాదా అని. పిల్లలు ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి వేసుకుంటే టెన్షన్ పడాల్సింది లేదు. టీషర్టుల మీదో కప్పుల మీదో వేసి అమ్మాలనుకుంటే మాత్రం ఏ బొమ్మ ఆధారంగా వేశారో చూసుకోవాలి. చాలా దేశాల్లో రాసినవాళ్లు, వేసినవాళ్లు పోయాక 50, 60, 70 ఏళ్లు, దేశాన్ని బట్టి, హక్కులు ఉంటాయి. టెనియల్ 1914లో పోయాడు, ఆ ఆలిస్ ఇప్పుడు అందరిదీ. షెపర్డ్ 1976 దాకా బతికాడు కాబట్టి ఆయన గీతకి చాలాచోట్ల ఇంకా హక్కులున్నాయి, అమెరికాలో మాత్రం లెక్క వేరు, ఆ మొదటి పుస్తకం అక్కడ 2022లోనే అందరి సొత్తయింది. సినిమా కంపెనీలు తయారుచేసిన రూపం మళ్లీ వేరే, కథ పాతదైనంత మాత్రాన ఆ రూపం మనది కాదు. ఇది కూడా పుస్తకం చదివి సొంతంగా వేయడానికి ఒక మంచి కారణమే.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడగాలనుకున్నది. మీ పేజీలో పిల్లలు పంపే బొమ్మలు వేస్తున్నారు, చాలా సంతోషం. పాత కథల పాత్ర అయితే కింద పిల్లల పేరుతోపాటు ఆ కథ రాసింది ఎవరు, మొదట బొమ్మలు వేసింది ఎవరు అని ఒక్క లైను వేయండి. పినోకియో పుస్తకానికి మొదట బొమ్మలు వేసిన ఎన్రికో మజాంతి పేరు ఎంతమందికి తెలుసు? నాకే పదేళ్ల కిందటిదాకా తెలియదు. నెలకోసారి ఒక పాత్ర గురించి కథలో ఉన్న నాలుగు వాక్యాలు మాత్రం అచ్చు వేసి, పక్కన ఏ బొమ్మా పెట్టకుండా, పిల్లల్ని వేసి పంపమనండి. వచ్చినవాటిలో ఒక పది పక్కపక్కనే వేయండి. మార్కులొద్దు, మొదటి రెండో బహుమతులొద్దు. పోటీలు పెట్టేవాళ్లు, జడ్జీలుగా కూర్చునేవాళ్లు మీ పేపర్ చదువుతారు కాబట్టి వాళ్లకీ ఒక మాట, పిల్ల తెచ్చిన బొమ్మ మీకు తెలిసిన బొమ్మలా లేకపోతే 'ఇలా ఎందుకు వేశావమ్మా' అని అడగండి చాలు. మా పిల్ల అయితే పిచ్చుక సంగతి అరగంట చెప్పేది.

మొదలుపెట్టడానికి పీటర్ పాన్ బాగుంటుంది. 1911 నవలలో జె. ఎం. బారీ వాడికి ఆకుపచ్చ డ్రెస్సు వేయలేదు, ఈనెలు మాత్రం మిగిలిన ఎండుటాకులు, చెట్లనుంచి కారే జిగురు, అవే వాడి బట్టలన్నాడు. వాడికి పాలపళ్లు ఒక్కటి కూడా ఊడలేదని కూడా రాశాడు. ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లాడు కదా, అన్నీ పాలపళ్లే. మా మేనకోడలు వారం రోజులుగా ఆ పళ్ల దగ్గరే ఉంది, వాళ్ల తమ్ముడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి "నోరు తెరువు, ఇంకొంచెం" అని పళ్లు లెక్కపెట్టుకుంటూ వేస్తోంది, ముందుపళ్ల మధ్య సందు ఎంత ఉండాలో తేలక మూడు కాగితాలు చించేసింది. బొమ్మ అవగానే మీకు పంపిస్తాం. అచ్చు వేసే వీలుంటే కింద బారీ పేరు కూడా వేయండి.

ఇట్లు,
పిల్లలకి బొమ్మలు నేర్పే ఒక పాఠకురాలు